పొరుగుదేశాన్ని చదివే ఓపిక: సమకాలీన చైనా అధ్యయనాలు, పరిశోధక ఫెలోషిప్‌లు

భారతీయ పత్రికల్లో చైనా పేరు కనబడని రోజు దాదాపు ఉండదు. సరిహద్దులో సైన్యాల కదలిక, మార్కెట్లో చవక వస్తువుల వెల్లువ, మందుల తయారీకి వచ్చే ముడిసరుకు, బ్రహ్మపుత్ర ఎగువన ఆనకట్టలు వంటి విషయాలు పాఠకులకు ఏదో ఒక రూపంలో చేరుతూనే ఉంటాయి. అయితే ఆ వార్తల వెనుక ఉన్న సమాజం ఎలా నడుస్తుందో, అక్కడి రైతుకు భూమి మీద ఉన్న హక్కు ఎటువంటిదో, ఒక జిల్లా స్థాయి పార్టీ కార్యదర్శి దేనికి జంకి ఏ నిర్ణయం తీసుకుంటాడో, ఆ దేశపు భాషలోనే చదివి, అక్కడి మనుషులతోనే మాట్లాడి, ఏళ్ల తరబడి గమనించి చెప్పగలిగినవారు మన దేశంలో చాలా తక్కువ. అటువంటి విద్వాంసులు వారంతట వారే తయారుకారు. బతుకుతెరువు గురించిన చింత లేకుండా కొన్నేళ్లపాటు ఒకే ప్రశ్న మీద మనసు నిలిపే అవకాశాన్ని ఎవరో ఒకరు కల్పించాలి. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు కలిసి రూపొందించుకున్న ఆ అవకాశానికే పరిశోధక ఫెలోషిప్ అని పేరు.

చైనా అధ్యయన ఫెలోషిప్‌ల చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం పదేపదే కనిపిస్తుంది. నిధులు ఏదో ఒక సంక్షోభం తలెత్తిన తరువాతనే వస్తాయి, సంక్షోభం మరుగున పడినా, రెండు దేశాల సంబంధాలు చెడినా తగ్గిపోతాయి. విద్వాంసుడు తయారు కావడానికి మాత్రం, భాషతో మొదలుపెట్టి తొలి గ్రంథం వెలువడే వరకు, సుమారు పదేళ్లు పడుతుంది. నిధుల రాకపోకలకూ విద్య పండే కాలానికీ మధ్య ఉన్న ఈ పొంతనలేమి ఈ రంగాన్ని మొదటినుంచీ వేధిస్తున్న సమస్య.

ఫెలోషిప్ అంటే ఏమిటి

స్కాలర్‌షిప్ అంటే చదువుకు అయ్యే ఖర్చును భరించే సహాయం. ఫెలోషిప్ అంతకంటే విశాలమైనది. పరిశోధకుడికి నెలనెలా జీవన భృతి ఇవ్వడమే కాక, ప్రయాణ ఖర్చులు, గ్రంథాలయ ప్రవేశం, ఒక విద్యాసంస్థలో అనుబంధ సభ్యత్వం, తోటి పరిశోధకులతో చర్చించే అవకాశం అందులో కలిసి ఉంటాయి. ఇందులో ప్రధానంగా నాలుగు రకాలు ఉన్నాయి. పీహెచ్‌డీ చేస్తున్నవారికి ఇచ్చేది డాక్టోరల్ ఫెలోషిప్. పట్టా పొందిన తరువాత సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా మలచుకోవడానికి ఒకటి రెండేళ్ల వ్యవధి ఇచ్చేది పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్. ఉద్యోగంలో ఉన్న అధ్యాపకుడు కొన్ని నెలలపాటు మరో సంస్థకు వెళ్లి పనిచేయడానికి ఉపకరించేది విజిటింగ్ ఫెలోషిప్. భాష నేర్చుకోవడానికే ప్రత్యేకించినది నాలుగోది. పేరుకు ఇది చిన్నదిగా కనిపించినా మిగిలిన మూడింటికీ పునాది ఇదే.

సమకాలీన చైనా అనే మాటను ఈ రంగంలో సాధారణంగా 1949లో చైనా ప్రజా గణతంత్రం ఏర్పడిన నాటినుంచి నేటివరకు గల కాలానికి వాడుతారు. ప్రాచీన గ్రంథాలు, కన్ఫ్యూషియస్ తత్త్వం, బౌద్ధ అనువాదాలు, శాసనాలు వంటివాటిని అధ్యయనం చేసే పాత సంప్రదాయాన్ని సైనాలజీ అంటారు. సమకాలీన అధ్యయనాలు ఆ సంప్రదాయం నుంచి భాషాజ్ఞానాన్ని తీసుకుని, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, మానవశాస్త్రం వంటి ఆధునిక శాస్త్రాల పద్ధతులను దానికి జోడించుకున్నాయి. అందువల్ల ఈ రంగంలోకి వచ్చే విద్యార్థి ఒకే సమయంలో రెండు విద్యలను అభ్యసించవలసి వస్తుంది. ఈ ఫెలోషిప్‌ల వ్యవధి ఎక్కువగా ఉండవలసిన అవసరం అక్కడినుంచే పుడుతుంది.

సంక్షోభాల వెంట వచ్చిన నిధులు

రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా సెనేటర్ ఫుల్‌బ్రైట్ చొరవతో 1946లో వచ్చిన చట్టం, విదేశాల్లో మిగిలిపోయిన యుద్ధ సామగ్రిని అమ్మగా వచ్చిన సొమ్మును విద్యా వినిమయానికి వాడే ఏర్పాటు చేసింది. ఆ చట్టం కింద అమెరికా తొలి ఒప్పందం కుదుర్చుకున్నది చైనాతోనే. 1947 నవంబరులో సంతకాలు జరగగా, మరుసటి ఏడాది ఈ పథకంలో తొలి ఫెలోగా బీజింగ్ చేరిన డెర్క్ బోడ్ అనే పండితుడు, చైనా తత్త్వశాస్త్ర చరిత్ర మీద ఫెంగ్ యూలాన్ రాసిన గ్రంథాన్ని అనువదించే పనిలో ఉండగానే నగరం ముట్టడికి గురై, కమ్యూనిస్టు సైన్యాల వశమైంది. తత్త్వగ్రంథం అనువాదానికి వెళ్లిన ఆయన ఒక ప్రభుత్వం కూలి మరొకటి నిలదొక్కుకోవడాన్ని రోజువారీగా నమోదుచేశాడు. బజారులో ధరలు, విశ్వవిద్యాలయంలో చర్చలు, వీధుల్లో ఊరేగింపులు అందులో చోటుచేసుకున్నాయి. ఆ దినచర్య 1950లో గ్రంథంగా వెలువడింది. సంఘటన జరిగిన చోట, భాష తెలిసిన విద్వాంసుడు ముందుగానే ఉండడం వల్ల కలిగే ప్రయోజనానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అరుదు.

ఆ తరువాత మూడు దశాబ్దాలపాటు అమెరికా పరిశోధకులకు చైనా ప్రధాన భూభాగంలో ప్రవేశం లేకపోయింది. స్వదేశంలోనూ పరిస్థితి అనుకూలంగా లేదు. చైనా కమ్యూనిస్టుల వశం కావడానికి కారకులెవరన్న వివాదంలో పండితుల మీదే అనుమానాలు ముసిరాయి. 1950లో సెనేటర్ మెకార్తీ ఆరోపణలకు గురైన పండితుడు ఓవెన్ లాటిమోర్ ఏళ్ల తరబడి విచారణలు ఎదుర్కొని, అభియోగాలు వీగిపోయిన తరువాత, 1963లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడ చైనా అధ్యయన శాఖను నెలకొల్పాడు. ఒక దేశాన్ని శ్రద్ధగా చదివినవాడిని ఆ దేశపు పక్షపాతిగా చూసే ధోరణి ఈ రంగానికి ఎంత నష్టం చేస్తుందో ఆయన జీవితం చెబుతుంది.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించడంతో ఉలిక్కిపడ్డ అమెరికా, మరుసటి ఏడాది జాతీయ రక్షణ విద్యా చట్టాన్ని తెచ్చింది. దేశరక్షణకు అవసరమైన భాషల జాబితాలో తొలి వరుసలో అరబిక్, చైనీస్, హిందీ-ఉర్దూ, జపనీస్, పోర్చుగీస్, రష్యన్ చేరాయి. ఆ భాషలు నేర్చుకునే పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్‌లు, వాటిని బోధించే ప్రాంతీయ అధ్యయన కేంద్రాలకు నిధులు లభించాయి. ప్రాంతీయ అధ్యయనాలు అంటే ఒక భూభాగపు భాషను, చరిత్రను, రాజకీయాలను, సమాజాన్ని కలిపి చదివే విద్యావిభాగం. వెల్చేరు నారాయణరావు దశాబ్దాలపాటు తెలుగు బోధించిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు దక్షిణాసియా అధ్యయన కేంద్రం కూడా ఈ చట్టపు నిధులు అందుకున్నదే. ఫోర్డ్ ఫౌండేషన్ అండతో 1955లో హార్వర్డ్‌లో ఏర్పడి, తరువాత జాన్ కింగ్ ఫెయిర్‌బ్యాంక్ పేరు పొందిన కేంద్రం, 1959లో అమెరికా విద్వత్సంస్థలు ఏర్పాటుచేసిన సమకాలీన చైనా సంయుక్త సంఘం, 1960లో లండన్ నుంచి మొదలైన చైనా క్వార్టర్లీ పత్రిక, 1968లో లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్ కళాశాలలో వెలసిన సమకాలీన చైనా సంస్థ ఈ కాలపు ఫలాలే.

హాంకాంగ్‌లో కూర్చుని చదివిన గ్రామం

దేశంలోకి వెళ్లే వీలు లేనప్పుడు ఆ దేశాన్ని ఎలా చదవాలి అన్న ప్రశ్నకు హాంకాంగ్ సమాధానమైంది. 1963లో అక్కడి కౌలూన్ ప్రాంతంలో ప్రారంభమైన యూనివర్సిటీస్ సర్వీస్ సెంటర్, ఫెలోషిప్‌ల మీద వచ్చే పరిశోధకులకు గదులు, చైనా పత్రికల సేకరణ, మాట్లాడటానికి మనుషులు దొరికే చోటుగా పేరుపొందింది. ప్రధాన భూభాగం నుంచి సరిహద్దు దాటి వచ్చినవారిని ఇక్కడే కూర్చోబెట్టి, రోజుల తరబడి ఇంటర్వ్యూ చేసేవారు.

ఈ పద్ధతి ఎంత లోతుకు వెళ్లగలదో 1984లో వెలువడిన చెన్ విలేజ్ అనే గ్రంథం చూపుతుంది. అనితా చాన్, రిచర్డ్ మాడ్సెన్, జొనాథన్ అంగర్ అనే ముగ్గురు పరిశోధకులు 1970లలో హాంకాంగ్‌లో పనిచేస్తూ, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని ఒకే ఊరినుంచి వలసవచ్చిన 26 మందిని గుర్తించి, వారితో విడివిడిగా సుదీర్ఘంగా మాట్లాడారు. వారిలో ఆ ఊరి రైతులూ ఉన్నారు, నగరం నుంచి పల్లెకు పంపగా అక్కడ కొన్నేళ్లు గడిపిన చదువుకున్న యువతీ యువకులూ ఉన్నారు. ఒకే సంఘటనను వేర్వేరు వ్యక్తులచేత చెప్పించి, ఒకరి మాటను మరొకరి మాటతో సరిపోల్చి, పొసగనిచోట మళ్లీ అడిగి తెలుసుకున్నారు. ఇద్దరు స్థానిక నాయకుల మధ్య వైరం, పని పాయింట్ల లెక్క, అంటే సమష్టి వ్యవసాయంలో ఎవరి శ్రమకు ఎంత ధాన్యం దక్కాలన్న కొలత, సాంస్కృతిక విప్లవ కాలంలో ఇరుగుపొరుగు మీద పడ్డ నిందలు అన్నీ ఆ గ్రంథంలో సజీవంగా ఉన్నాయి. మాట్లాడినవారికి, వారి బంధువులకు హాని కలగకూడదని ఊరికి, మనుషులకు మారుపేర్లు పెట్టారు. తరువాతి కాలంలో ఆ ఊరికి స్వయంగా వెళ్లగలిగిన రచయితలు, సంస్కరణలు తెచ్చిన మార్పులను చేర్చి 1992లో, 2009లో గ్రంథాన్ని విస్తరించారు. ఒక ఊరి కథ ఇలా మూడు దశాబ్దాలకు పైగా కొనసాగిందంటే, అందుకు ఏ ఒక్క ఏడాది ఫెలోషిప్పో చాలదని వేరుగా చెప్పనక్కరలేదు.

1988లో యూనివర్సిటీస్ సర్వీస్ సెంటర్ హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయంలోకి మారింది. స్థానిక చరిత్ర సంపుటాలు, జిల్లాల వార్షిక గణాంక గ్రంథాలు, రాష్ట్ర పత్రికల సేకరణకు ప్రపంచంలోనే ప్రసిద్ధి పొందిన ఆ సంస్థ, ఇటీవల ప్రత్యేక ఉనికిని కోల్పోయి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో విలీనమైంది.

కర్మాగారంలో అడుగుపెట్టిన పరిశోధన

1979లో చైనా, అమెరికా దౌత్య సంబంధాలు కుదిరిన తరువాత పరిస్థితి మారింది. ఫెలోషిప్ పొందిన పరిశోధకులు నేరుగా చైనా విశ్వవిద్యాలయాల్లో చేరి, అక్కడి అధ్యాపకుల సహకారంతో క్షేత్ర పరిశోధనకు దిగారు. క్షేత్ర పరిశోధన అంటే గ్రంథాలయంలో కాక, పరిశీలించదలచిన మనుషుల మధ్యనే ఉండి సమాచారం సేకరించడం. హాంకాంగ్‌కు చెందిన పున్ న్గాయ్ లండన్‌లో పీహెచ్‌డీ చేస్తూ, 1990ల మధ్యలో షెన్‌జెన్ నగరంలోని ఒక ఎలక్ట్రానిక్ కర్మాగారంలో నెలల తరబడి కార్మికురాలిగా పనిచేసి, పల్లెల నుంచి వచ్చిన యువతులతో కలిసి వసతిగృహంలో ఉంది. అసెంబ్లీ లైను వేగం మనిషి శరీరాన్ని ఎలా లొంగదీసుకుంటుందో, ఆ వేగాన్ని తగ్గించడానికి కార్మికులు ఎటువంటి ఉపాయాలు పన్నుతారో, ఏ ఊరి యాస మాట్లాడే పిల్ల ఎవరి పక్కన కూర్చుంటుందో ఆమె 2005లో ప్రచురించిన గ్రంథంలో చదువుతున్నప్పుడు, చైనా ఆర్థిక వృద్ధి అన్న మాటకు ముఖాలు, పేర్లు ఏర్పడతాయి.

2010లో షెన్‌జెన్‌లోని ఫాక్స్‌కాన్ కర్మాగారాల్లో యువ కార్మికుల ఆత్మహత్యలు వరుసగా జరిగినప్పుడు, చైనా, హాంకాంగ్, తైవాన్‌లకు చెందిన 20 విశ్వవిద్యాలయాల అధ్యాపకులు, విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడి దర్యాప్తు చేయగలిగారంటే, అంతకుముందు పదిహేనేళ్లుగా పోగుపడిన ఇటువంటి పరిశోధనానుభవమే అందుకు ఆధారం. తైవాన్‌కు చెందిన ఆ ఫాక్స్‌కాన్ సంస్థే తిరుపతి జిల్లా శ్రీసిటీలో, చైనా బ్రాండ్ షియోమీ ఫోన్ల కూర్పును 2015లో చేపట్టింది. పల్లెల నుంచి బస్సుల్లో వచ్చి అసెంబ్లీ లైను ముందు నిలబడే తెలుగు యువతుల అనుభవాన్ని షెన్‌జెన్ కార్మికుల అనుభవంతో పోల్చి చూడగల పరిశోధకులకు చైనీస్, తెలుగు రెండూ వచ్చి ఉండాలి. అటువంటివారిని తయారుచేయగల ఫెలోషిప్ తెలుగు రాష్ట్రాలకు అత్యవసరం.

భారతదేశంలో చైనా విద్య

భారతదేశంలో ఈ విద్య సంక్షోభంతో కాక స్నేహంతో మొదలైంది. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆహ్వానం మీద శాంతినికేతన్ వచ్చిన తాన్ యున్‌షాన్ కృషితో 1937 ఏప్రిల్‌లో విశ్వభారతిలో చీనా భవన్ ప్రారంభమైంది. 1940లలో రెండు దేశాలూ విద్యార్థులను ఇచ్చిపుచ్చుకున్నాయి. ప్రబోధచంద్ర బాగ్చీ వంటి పండితులు పెకింగ్ విశ్వవిద్యాలయంలో బోధించారు. అయితే ఆనాటి దృష్టి ఎక్కువగా బౌద్ధం, ప్రాచీన సంబంధాల మీదే ఉండడంతో, సమకాలీన చైనా రాజకీయాలను చదివినవారు వేళ్లమీద లెక్కించదగినంతమందే ఉండేవారు. 1962 యుద్ధం ఈ లోటును బయటపెట్టింది. రెండేళ్లకే ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యయన కేంద్రం ఏర్పడింది, చైనా రిపోర్ట్ పత్రిక అదే 1964లో మొదలైంది, యువ అధ్యాపకులు శిక్షణకు విదేశాలకు వెళ్లారు. 1969లో విద్వాంసులు, దౌత్యవేత్తలు, పాత్రికేయులు కలిసి ఏర్పరచుకున్న అధ్యయన బృందం నుంచే 1990లో ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైనీస్ స్టడీస్ రూపుదిద్దుకుంది. జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం చైనీస్ భాషకు, తూర్పు ఆసియా రాజకీయాలకు వేర్వేరు కేంద్రాలు నడుపుతోంది.

నేడు భారతీయ విద్యార్థికి అందుబాటులో ఉన్న మార్గాలు అనేకం. యూజీసీ నిర్వహించే నెట్ పరీక్షలో చైనీస్ భాష ఒక సబ్జెక్టు. దానిలోగాని, రాజనీతిశాస్త్రం వంటి సబ్జెక్టులోగాని జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించినవారికి 2023 నుంచి తొలి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన సీనియర్ దశలో 42,000 రూపాయల భృతి లభిస్తోంది. భారతీయ సామాజికశాస్త్ర పరిశోధన మండలి ఇచ్చే ఫెలోషిప్‌లు కూడా చైనా సంబంధిత అంశాలకు వర్తిస్తాయి. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైనీస్ స్టడీస్, హార్వర్డ్-యెన్‌చింగ్ సంస్థ కలిసి నడిపిన బహుళ వార్షిక డాక్టోరల్ ఫెలోషిప్ మరింత ప్రత్యేకమైనది. అల్యూమినియం తీసే చవక పద్ధతిని కనుగొన్న చార్లెస్ మార్టిన్ హాల్ వదిలివెళ్లిన ఆస్తితో 1928లో ఏర్పడిన హార్వర్డ్-యెన్‌చింగ్, ఆసియాలో మానవీయ, సామాజిక శాస్త్రాల వ్యాప్తికి తోడ్పడే స్వతంత్ర సంస్థ. భారతీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి చైనీస్ మాట్లాడే నేలమీద భాష నేర్చుకోవడానికి, ఆపైన హార్వర్డ్ గ్రంథాలయాల్లో కొంతకాలం పనిచేయడానికి వీలు కల్పించడం ఆ పథకంలోని విశేషం. భాషకు, గ్రంథాలయానికి, రచనకు వేర్వేరుగా కాలాన్ని కేటాయించిన ఈ పద్ధతి, విద్వాంసుడు తయారయ్యే క్రమాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నది.

తైవాన్ విదేశాంగ శాఖ 2010 నుంచి ఇస్తున్న తైవాన్ ఫెలోషిప్ మూడు నెలల నుంచి ఏడాది వరకు అక్కడి విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో పనిచేయడానికి ఉపకరిస్తుంది. ఆ ప్రభుత్వమే భాషాధ్యయనానికి వేరుగా హువాయూ స్కాలర్‌షిప్ ఇస్తోంది. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు, సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలోని ఈస్ట్ ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఈ రంగపు విద్యార్థులు గమనించదగినవి.

భాష, ప్రతిపాదన, ఎంపిక

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు శిక్షణనిచ్చే సంస్థ లెక్క ప్రకారం, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు చైనీస్‌లో వృత్తికి తగిన ప్రావీణ్యం పొందడానికి 88 వారాలు, అంటే దాదాపు 2,200 తరగతి గంటలు పడుతుంది. చైనా ప్రభుత్వం 2013లో ప్రకటించిన ప్రామాణిక జాబితాలో 8,105 లిపి సంకేతాలు ఉండగా, నిత్య వాడుకకు ఉద్దేశించిన తొలి శ్రేణిలోనే 3,500 ఉన్నాయి. పత్రిక చదవడానికి ఈ శ్రేణి చాలినా, పార్టీ పత్రాల్లోని సూత్రబద్ధమైన పరిభాషలో ఒక పదం స్థానం మారడం వల్ల విధానంలో వచ్చిన మార్పును పసిగట్టడానికి అంతకుమించిన సాధన కావాలి. భాష రాని పరిశోధకుడు అనువాదమైన సమాచారానికే పరిమితమవుతాడు. దేన్ని అనువదించాలో నిర్ణయించినవారి దృష్టే అప్పుడు అతని దృష్టి అవుతుంది.

ఎంపికలో కీలకమైనది పరిశోధన ప్రతిపాదన. నాలుగైదు పేజీల ఈ పత్రంలో పరిశోధకుడు తాను అడగదలచిన ప్రశ్న ఏమిటో, దానిమీద ఇప్పటికే ఎవరెవరు ఏమి రాశారో, ఏ ఆధారాలను ఎక్కడ, ఏ భాషలో చదువుతాడో, ఎన్ని నెలల్లో ఏ పని పూర్తిచేస్తాడో రాయాలి. చైనాలో వలస కార్మికుల సమస్యలు అన్న శీర్షిక ప్రతిపాదన కాదు. 2020 జనగణన ప్రకారం చైనాలో దాదాపు 37.6 కోట్ల మంది తమ పేరు నమోదైన ఊరికి దూరంగా జీవిస్తున్నారు. హుకౌ అనే గృహ నమోదు వ్యవస్థ వల్ల చదువు, వైద్యం వంటి హక్కులు నమోదైన ఊరితో ముడిపడి ఉంటాయి. ఒక నిర్దిష్ట నగరంలో ఈ వలస కుటుంబాల పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలో చోటు దొరకడానికి అడిగే పత్రాలు గత పదేళ్లలో ఎలా మారాయి, ఆ మార్పుకు కారణం నగర ఆదాయమా, కేంద్ర ప్రభుత్వ ఆదేశమా అని అడిగితే, అది పరిశోధన ప్రశ్న అవుతుంది. దానికి మునిసిపల్ ఉత్తర్వులు, గణాంక గ్రంథాలు, తల్లిదండ్రులతో ఇంటర్వ్యూలు అనే మూడు ఆధారాలు వెంటనే కనిపిస్తాయి. ఎంపిక సంఘాలు వెతికేది ఇటువంటి స్పష్టతనే.

ప్రతిపాదనలో నైతిక బాధ్యత కూడా ఒక భాగం. ఇంటర్వ్యూ ఇచ్చినవారికి పరిశోధన ఉద్దేశం ముందే చెప్పి సమ్మతి తీసుకోవడం, పేర్లు మార్చడం, నోటు పుస్తకాలను భద్రపరచడం అన్నిచోట్లా ఉన్న నియమాలే అయినా, చైనా విషయంలో వీటికి బరువు ఎక్కువ. విదేశీ పరిశోధకుడు ఏడాది తరువాత తన దేశానికి వెళ్లిపోతాడు, మాట్లాడిన మనిషి మాత్రం అక్కడే ఉండాలి.

ఇరుకవుతున్న దారులు

గత పుష్కర కాలంలో ఈ రంగం మళ్లీ ఇరుకున పడింది. 2004లో చైనా విదేశాంగ శాఖ తన ఆర్కైవ్స్‌ను, అంటే పాత ప్రభుత్వ పత్రాలను భద్రపరిచిన కేంద్రాన్ని, పరిశోధకులకు తెరిచి, 1949 నుంచి 1965 వరకు గల పత్రాలను దశలవారీగా అందుబాటులో ఉంచింది. 2012 తరువాత వాటిలో ఎక్కువ భాగాన్ని వెనక్కి తీసుకుంది. 2021లో డేటా భద్రతా చట్టం అమలులోకి వచ్చింది. 2023లో గూఢచర్య నిరోధక చట్టం పరిధి విస్తరించడమే కాక, చైనా విద్యా పత్రికలకు ప్రధాన ఆన్‌లైన్ భాండాగారమైన సీఎన్‌కేఐలోని కొన్ని విభాగాలు విదేశీ సంస్థలకు అందకుండా పోయాయి. అటువైపు అమెరికా 2020 జులైలో చైనా, హాంకాంగ్‌లలో ఫుల్‌బ్రైట్ పథకాన్ని రద్దుచేసింది. ప్రపంచంలో తొలి ఫుల్‌బ్రైట్ ఒప్పందం కుదిరిన దేశంలోనే ఆ పథకం ఆగిపోయింది. భారత్, చైనాల మధ్య కోవిడ్ కాలంలో నిలిచిపోయిన నేరు విమానాలు, గల్వాన్ ఘర్షణ తరువాత ఏళ్ల తరబడి పునఃప్రారంభం కాక, 2025 అక్టోబరు చివరిలో గాని ఎగరలేదు. ఆ ఐదేళ్లలో పీహెచ్‌డీలో చేరిన విద్యార్థుల్లో చాలామంది క్షేత్రాన్ని చూడకుండానే సిద్ధాంత గ్రంథం రాయవలసి వచ్చింది.

ఇటువంటి కాలంలోనూ పరిశోధన ఆగలేదు. గ్యారీ కింగ్, జెన్నిఫర్ పాన్, మార్గరెట్ రాబర్ట్స్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో, చైనా సామాజిక మాధ్యమాల్లో వెలువడిన లక్షలాది వ్యాఖ్యలను తొలగింపుకు ముందే సేకరించి, తరువాత ఏవి మాయమయ్యాయో గమనించారు. ప్రభుత్వాన్ని విమర్శించిన ప్రతి మాటా తొలగించబడటం లేదనీ, జనాన్ని ఒకచోట కూడగట్టే అవకాశమున్న మాటలే ఎక్కువగా తొలగిపోతున్నాయనీ వారు నిరూపించారు. టెండరు ప్రకటనలు, కోర్టు తీర్పులు, ఉపగ్రహ చిత్రాలు, స్థానిక చరిత్ర సంపుటాలు కూడా నేడు ఆధారాలే. అయితే ఈ ఆధారాలను చదవడానికి సైతం, మనిషితో మనిషి మాట్లాడి సంపాదించిన అవగాహన లేకపోతే, అంకెలు అంకెలుగానే మిగిలిపోతాయి.

సొమ్ము ఎవరిదైతే మాట వారిదేనా

ఫెలోషిప్‌ల విషయంలో ఎప్పటికీ తీరని ప్రశ్న ఒకటి ఉంది. చైనా క్వార్టర్లీకి తొలినాళ్లలో అండగా నిలిచిన కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే సంస్థకు అమెరికా గూఢచార సంస్థ నుంచి నిధులు అందాయని 1960ల రెండో భాగంలో బయటపడింది. 1968లో ఏర్పడిన కన్సర్న్‌డ్ ఆసియన్ స్కాలర్స్ సంఘం, వియత్నాం యుద్ధ నేపథ్యంలో, ప్రభుత్వ అవసరాలకు లోబడిన చైనా పరిశోధనను తీవ్రంగా ప్రశ్నించింది. ఇవాళ చైనా ప్రభుత్వం ఇచ్చే సహాయం తీసుకుంటే విమర్శించే స్వేచ్ఛ ఉంటుందా అని ఒకవైపు, దేశ భద్రతా సంస్థల నిధులతో చేసే పరిశోధన చైనాను శత్రువుగా మాత్రమే చూస్తుందా అని మరోవైపు అవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి.

చైనా క్వార్టర్లీ పండిత లోకపు విశ్వాసం పొందడానికి కారణం, దాని సంపాదకుడు రోడ్రిక్ మెక్‌ఫార్కర్ పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలకు చోటిచ్చి, ఆధారాల నాణ్యతనే కొలబద్దగా పెట్టుకోవడం. ఫెలోషిప్‌లకూ ఇదే వర్తిస్తుంది. నిధుల మూలాన్ని బహిరంగంగా ప్రకటించడం, ఎంపికను ఆ రంగపు విద్వాంసుల సంఘానికే వదలడం, ప్రచురణకు ముందు దాత అనుమతి అవసరం లేకుండా చూడడం అన్న మూడు నియమాలు ఉంటే, సొమ్ము ఎక్కడినుంచి వచ్చినా పరిశోధనకు మర్యాద దక్కుతుంది.

చేయవలసినది

తెలుగు రాష్ట్రాల నుంచి వేలాది మంది విద్యార్థులు వైద్యవిద్య కోసం చైనా వెళ్లివచ్చారు. ఆ నగరాల్లో ఐదారేళ్లు గడిపి, భాష కొంత పట్టుబడినవారు ఎందరో ఇక్కడ ఉన్నారు. అయినా చైనా సమాజం గురించి మూల ఆధారాలతో తెలుగులో రాసినవారిని వెతుక్కోవలసి వస్తోంది. తెలుగునాట విశ్వవిద్యాలయాలు సామాజికశాస్త్రాల ఎంఏ దశనుంచే చైనీస్‌ను ఐచ్ఛికంగా నేర్పితే, పీహెచ్‌డీ నాటికి విద్యార్థికి కనీస పునాది సమకూరుతుంది. ఆపైన ఐదేళ్లకు తగ్గని ఫెలోషిప్, అందులో ఒక పూర్తి సంవత్సరం చైనా, తైవాన్, సింగపూర్‌లలో వీలున్నచోట భాషకు కేటాయింపు, పట్టా తరువాత రెండేళ్ల పోస్ట్‌డాక్టోరల్ వ్యవధి, ఆ పరిశోధన సారాన్ని తెలుగులో పుస్తకంగా రాయాలన్న నిబంధన ఉంటే, ఏడాదికి నలుగురైదుగురిని ఎంపిక చేసినా పదిహేనేళ్లలో ఒక తరం తయారవుతుంది. ఒక రాష్ట్ర ప్రభుత్వానికిగాని, ఒక పెద్ద పారిశ్రామిక సంస్థకుగాని ఈ ఖర్చు భారం కాదు.

సరిహద్దు ప్రశాంతంగా ఉన్న ఏడాదిలో ఈ ఖర్చు అనవసరమనిపించవచ్చు, ఉద్రిక్తంగా ఉన్న ఏడాదిలో అనుమానాస్పదమనిపించవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ ఆపకుండా కొనసాగించినప్పుడే ఫెలోషిప్ తన పని తాను చేయగలుగుతుంది. 1962 తరువాత 1964లో మేల్కొన్న అనుభవం దేశానికి ఉంది. రేపటి అవసరానికి కావలసిన చైనా నిపుణుడు ఇవాళ మొదటి పాఠం మొదలుపెట్టాలి. ఆ పాఠానికయ్యే సొమ్మును ఈ ఏటి బడ్జెట్‌లోనే చేర్చాలి.